పడవలు కదిలాకే మనుషులు కదిలారు: మిచాంగ్ తుఫానులో ఒక పల్లె కేసు

ఈ కేసు రాసి పెట్టాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నా, ఇప్పటికి కుదిరింది. నేను తీర గ్రామాల్లో తుఫానులకి ముందస్తు ఏర్పాట్లు చేయించే ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో ఫీల్డ్ పని చేస్తాను. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయట్లేదు, ఒకటి రెండు వివరాలు కావాలనే మార్చాను, బాపట్ల నుంచి నిజాంపట్నం వైపు వెళ్లే తీరంలో ఒక మత్స్యకార పల్లె అనుకోండి చాలు. ఎవరూ చనిపోలేదు కాబట్టి ఇది పేపర్లో రాలేదు. కానీ ఆ నాలుగు రోజుల్లో మేం తీసుకున్న నిర్ణయాల్లో దాదాపు సగం తప్పులు, ఏ గంటకి ఏ తప్పు చేశామో నాకు ఇంకా గుర్తుంది, మా దగ్గర కొత్తగా చేరే పిల్లలకి నోటితో చెప్పి చెప్పి విసుగొచ్చి ఇలా రాస్తున్నా.

ఊరు ఎలా ఉంటుంది

రెండొందల లోపు గడపలు. ముందు సముద్రం, వెనక సరుగుడు తోటలు, ఆ వెనక వరి పొలాలు, తూర్పు పక్కన ఒక పెద్ద మురుగు కాలవ వచ్చి సముద్రంలో కలిసే మొగ. ఇళ్లు మూడు వరసలు. కాలవ పక్క వరస పల్లంలో ఉంటుంది, అందులో సగం తాటాకు ఇళ్లు, మిగతావి రేకులవి. మధ్య వరస కాస్త మెరక, రోడ్డు పక్క వరస ఇంకా మెరక, డాబాలన్నీ అక్కడే. తుఫాను షెల్టర్ ఊరికి కిలోమీటరున్నర దూరం. ఫైబర్ బోట్లు నలభై దాకా ఉన్నాయి, బోటు ఇంజిన్ వలలు కలిపితే లక్షల్లో మాట, అందులో చాలా భాగం అప్పే. ఈ ఆఖరి వాక్యాన్ని కాస్త గుర్తుపెట్టుకోండి, మేం దాన్ని తెలిసి కూడా మర్చిపోయాం.

తుఫాను అంటే ఏంటో ఈ ఊరికి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. 1977 నవంబర్ 19 నాటి దివిసీమ ఉప్పెన కృష్ణ అవతల వైపు మాట అయినా ఈ పక్క వాళ్లకీ అది సొంత జ్ఞాపకమే, 1990 మే తుఫాను చూసినవాళ్లు బోలెడు మంది. కానీ నేను గమనించింది ఏంటంటే, ఇప్పుడు ఇల్లు వదలాలా వద్దా అని వాళ్లు ఆలోచించేటప్పుడు మనసులో మెదిలేది ఆ రెండూ కాదు, 2013 నవంబర్లో వచ్చిన లెహర్. హెలెన్ తుఫాను వచ్చి వారం తిరక్కుండానే లెహర్ అన్నారు, అతి తీవ్ర తుఫాను అన్నారు, జనాన్ని తరలించారు, అది కాస్తా సముద్రంలోనే నీరసించిపోయి 28వ తేదీన మచిలీపట్నం దగ్గర ఉట్టి వాయుగుండంగా తీరం దాటింది. శాస్త్రం ప్రకారం అది మన అదృష్టం. ఊరి లెక్కలో మాత్రం అది రెండ్రోజుల కూలి, షెల్టర్లో దోమలు, తిరిగొచ్చేసరికి పోయిన రెండు మేకలు. పదేళ్లయినా ఆ మేకల కథ చెప్తారు.

మొదటి మూడు రోజులు

2023 డిసెంబర్ 1న బంగాళాఖాతంలో వాయుగుండం అన్నారు, 2న తీవ్ర వాయుగుండం, 3న తుఫాను అయ్యి పేరు వచ్చింది. పేరు మయన్మార్ వాళ్లు ఇచ్చింది, మిగ్జామ్ అని పలకాలట, మా దగ్గర అందరూ మిచాంగ్ అనే అన్నారు, నేనూ అదే రాస్తున్నా.

వాతావరణ శాఖ బులెటిన్లు మొదట చెన్నై మచిలీపట్నం మధ్య తీరం దాటుతుంది అన్నాయి, తర్వాత నెల్లూరు మచిలీపట్నం మధ్య, 5వ తేదీ ఉదయం పూట అన్నాయి. నెల్లూరు నుంచి మచిలీపట్నం అంటే గీత గీసినా 230 కిలోమీటర్లు దగ్గర. "అంత దూరంలో ఎక్కడో అంటే ఎట్టా సార్, వాళ్లకే తెలియనట్టుంది" అని ఒక కుర్రాడు నవ్వాడు. నిజానికి వాళ్లకి తెలియక కాదు. హుద్‌హుద్ లాంటిది సముద్రంలోంచి తీరానికి ఎదురుగా వచ్చింది, అలాంటప్పుడు దారి ఒక పిసరు అటూ ఇటూ అయినా తీరం దాటే చోటు కొద్దిగానే మారుతుంది. మిచాంగ్ అలా కాదు, తమిళనాడు పక్కనుంచి తీరాన్ని ఒరుసుకుంటూ ఉత్తరంగా వచ్చింది. గోడని ఆనుకుని నడిచేవాడు కాస్త వాలితే భుజం ఎక్కడ తగులుతుందో ముందే చెప్పమంటే ఎవరు చెప్తారు? దానికి తోడు మన తీరం నెల్లూరు నుంచి ఒంగోలు దాకా ఉత్తరంగా వెళ్లి చీరాల దాటాక తూర్పుకి మళ్లుతుంది, మోచెయ్యి మడిచినట్టు. ఉత్తరంగా వచ్చే తుఫాను నెల్లూరు దగ్గర తప్పినా ఒంగోలు దగ్గర తప్పినా ఈ మడతలో ఎక్కడో అక్కడ తగలాల్సిందే. మా పల్లె ఆ మడతలోనే ఉంది. ఇది నాకు 2వ తేదీ రాత్రే అర్థమైంది, కానీ ఊరికి అర్థమయ్యేలా చెప్పడానికి ఇంకో రెండ్రోజులు పట్టింది, అసలు కేసు అదే.

2న మేం తీసుకున్న నిర్ణయం: మనుషుల తరలింపు మాట ఎత్తొద్దు, ముందు సముద్రంలో ఉన్న బోట్లన్నీ ఒడ్డుకి రావాలి. లెహర్ గుర్తు ఉన్న ఊళ్లో మూడు రోజుల ముందు ఇల్లు వదలమంటే మూడో రోజు చెప్పే మాటకి విలువుండదని మా లెక్క. వేటకి వెళ్లొద్దన్న హెచ్చరిక ఎలాగూ వచ్చేసింది, చీకటి పడేలోపు అన్ని బోట్లూ వచ్చేశాయి. ఈ ఒక్కటీ సరిగ్గా జరిగింది.

3వ తేదీ ఆదివారం ఊళ్లో మీటింగ్ పెట్టాం. ఆ రోజు ఏంటో గుర్తుందిగా, తెలంగాణ ఎన్నికల ఫలితాలు. పొద్దున్నుంచి ప్రతి ఇంట్లో టీవీలో కౌంటింగే, తుఫాను స్క్రీన్ కింద పరిగెత్తే ఒక గీత. మీటింగ్‌కి పదకొండు మంది వచ్చారు, అందులో నలుగురు ఫోన్లో సీట్లు లెక్కపెట్టుకుంటున్నారు. సర్లే అని మేం చేసిన పని, ట్రాక్ మ్యాప్ ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టడం. ఈ కేసు మొత్తంలో నా చేత్తో నేను చేసిన పెద్ద తప్పు అదే.

మ్యాప్ ఎందుకు పనిచేయలేదు

ఆ మ్యాప్‌లో మధ్యలో ఒక గీత, దాని చుట్టూ గరాటా లాగా వెడల్పయ్యే ఒక ప్రాంతం ఉంటుంది. తుఫాను కేంద్రం ఆ గరాటాలో ఎక్కడైనా ఉండొచ్చని దాని అర్థం, గాలి వాన ఆ గరాటా దాకానే ఉంటాయని కాదు. కానీ మనిషి కన్ను గీత మీదకే పోతుంది, చివర చుక్క ఎక్కడుందో చూస్తుంది, మన ఊరు ఆ చుక్క కాకపోతే ఊపిరి పీల్చుకుంటుంది. నేను మ్యాప్ పెట్టిన అరగంటకి కుర్రాళ్లు వాళ్ల ఫోన్లలో వాతావరణ యాప్‌లు తెరిచి స్క్రీన్‌షాట్లు పెట్టడం మొదలెట్టారు, ఒకదాంట్లో చుక్క ఒంగోలు దగ్గర, ఇంకోదాంట్లో మచిలీపట్నం దగ్గర. రాత్రికి గ్రూపులో పందేలు కూడా కాశారు. ఎక్కడ దాటుతుంది అనే ప్రశ్న ఊరంతటికీ ఆట అయిపోయింది, ఆ ఆటని మొదలుపెట్టింది నేనే.

4వ తేదీ సోమవారం పొద్దున్నుంచీ చెన్నై వీడియోలు, వీధుల్లో కార్లు కొట్టుకుపోవడం. దాన్ని చూసి భయపడతారనుకున్నా, జరిగింది రివర్స్. "చెన్నై మీద కురిసేసిందిగా, ఇంకేం మిగిలుంటది" అన్నారు. పైగా కార్తీక సోమవారం, ఆడవాళ్లు ఉపవాసాలు, గుడి. ఈలోగా ఒకడొచ్చి నిజాంపట్నం రేవులో పదో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారట అన్నాడు, దాని మీద ఇంకో చర్చ, పదంటే అన్నిటికన్నా పెద్దదని కొందరు, ప్రతిసారీ పది అంటూనే ఉంటారని కొందరు. ఇక్కడ చిన్న పక్కదారి. ఆ నంబర్లు తొమ్మిది కన్నా పది బలమైంది అన్న లెక్కలో లేవు. 8, 9, 10 మూడూ తీవ్ర తుఫానుకే, ఎనిమిదంటే తుఫాను దారికి రేవు ఎడమ పక్కన ఉంటుందని, తొమ్మిదంటే కుడి పక్కన అని, పదంటే రేవు మీదుగానో దానికి బాగా దగ్గర్లోనో దాటుతుందని. పదకొండు అంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని. బలం తెలియాలంటే నంబరు కాదు, బులెటిన్ చదవాలి. ముప్ఫై ఏళ్లు వేట చేసినవాళ్లలో కూడా చాలామందికి ఇది ఎవరూ చెప్పలేదు, మాకూ ఆ రోజు దాకా చెప్పాలని తట్టలేదు.

పదకొండు గంటలకి తరలింపు బస్సు వచ్చింది. ఎక్కింది ముగ్గురు ముసలమ్మలు, ఒక బాలింత, ఆమె తల్లి. బస్సు అరగంట నిలబడి వెళ్లిపోయింది, వెళ్లడంలో వాళ్ల తప్పు లేదు, ఇంకా నాలుగు ఊళ్లు తిరగాలి. నేను షెల్టర్‌కి వెళ్లి చూస్తే బాత్రూముల్లో నీళ్లు లేవు, మోటారు కరెంటుతో నడుస్తుంది, కరెంటు పొద్దున్నే పోయింది. ఆడవాళ్లు రానంటే అర్థం చేసుకోక ఏం చేస్తాం. జనరేటర్ కోసం పరిగెత్తకుండా ముందు డ్రమ్ముల్లో నీళ్లు పట్టించాం, అది గంట పని.

పెద్దాయన లెక్క

మధ్యాహ్నం వలలు బాగుచేసుకునే పాక దగ్గర కూర్చున్నాం. ఊళ్లో అందరూ మాట వినే పెద్దాయన ఒకాయన ఉన్నాడు, డెబ్భై పైన ఉంటాయి. నేను ఉప్పెన గురించి చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"రేపు అష్టమి అబ్బాయ్. అష్టమి నాడు పోటు ఏడుంటది? అమాసో పున్నమో అయితే నేనే ముందు లెగిసిపోదును."

నాకు అప్పటిదాకా వచ్చిన మాటల్లో ఇదొక్కటే అసలైన వాదన. ఆయన చెప్పింది నిజం కూడా. కార్తీక పున్నమి వెళ్లి ఎనిమిది రోజులు, పోటు తక్కువగా ఉండే రోజులు. కాదని వాదిస్తే ఆయన జీవితకాలపు అనుభవాన్ని తప్పనడమే, ఆ తర్వాత నా మాట ఎవరూ వినరు. అందుకని ఒప్పుకుని అక్కణ్ణుంచే మొదలెట్టా. "నిజమే తాతా, మామూలు అమాస పోటుకి నీళ్లు ఎందాక వస్తాయి?" అంటే లేచి నడిచి వెళ్లి ఇసకలో సగం పూడుకుపోయిన పాత లంగరు రాయి చూపించాడు. "మరి అష్టమికి?" అంటే అక్కడికి జానెడు కిందకి అని వేళ్లు చాపి చూపించాడు. బులెటిన్‌లో దక్షిణ కోస్తాకి మామూలు పోటు మీద మీటరు నుంచి మీటరున్నర ఉప్పెన అని ఉంది. మీటరున్నర అంటే ఆయన మెడ దాకా. "మీరు చూపించిన జానా తగ్గించుకుని, దాని మీద ఇంత కలపండి" అని ఆయన మెడ దగ్గర చెయ్యి పెట్టా. ఆయన ఏం మాట్లాడలేదు. లంగరు రాయి దగ్గర నిలబడి ఆ ఎత్తుని కంటితోనే పట్టుకుని మెల్లగా చుట్టూ చూశాడు, సముద్రం వైపు కాదు, కాలవ వైపు. "ఇసక దిబ్బ దాటదు. మొగలోంచి వస్తది" అన్నాడు.

ఇది మా ప్లాన్ కాగితాల్లో లేదు. మేం ఎప్పుడూ ఉప్పెన ముందు నుంచి అలలాగా వస్తుందనే బొమ్మ చూపించాం. ఆయన చెప్పాక ఆలోచిస్తే అంతే కదా, సముద్రం ఎత్తు లేస్తే ముందు మొగలోంచి కాలవలోకి ఎక్కుతుంది, పైనుంచి పొలాల వాన నీళ్లు దిగి వస్తాయి, రెండూ ఎదురెదురుగా వచ్చి కాలవ పక్క వరసలో ఒళ్లు విరుచుకుంటాయి. అంటే ఊరు మొత్తం ఒకేసారి కదలాలన్న మాట పక్కన పెట్టి, ఎవరు ముందు అన్నది తేల్చుకోవచ్చు. ఆదేశం ప్రకారం అందరూ వెళ్లాలి, దాన్ని మేం కాదనలేదు, కానీ రెండొందల గడపలకి ఒకే అరుపు అరిస్తే ఎవరూ కదలరు, అదే నలభై గడపల దగ్గరికి వెళ్లి ఒక్కొక్కళ్ల గుమ్మం మీద నీళ్లు ఎందాక వస్తాయో చూపిస్తే కదులుతారు. పెద్దాయనే ముందు నడిచాడు, గుమ్మం గుమ్మానికీ సుద్దతో గీత పెట్టుకుంటూ. మేం రెండు రోజులు చెప్పలేనిది ఆ గీతలు గంటలో చెప్పాయి.

ఎక్కడ అని కాదు, ఎప్పటిదాకా టైముంది అని

అప్పుడు ఇంకో లెక్క కూర్చుని వేశాం. తీరం దాటేది 5 ఉదయం నుంచి మధ్యాహ్నం లోపు. వచ్చే వేగం గంటకి పది కిలోమీటర్ల లోపు, సైకిల్ తొక్కేవాడి కన్నా నెమ్మది. బలమైన గాలులు కేంద్రం చుట్టూ వంద కిలోమీటర్ల దాకా ఉంటాయనుకుంటే, కేంద్రం రావడానికి పది గంటల ముందే మన దగ్గర గాలి మొదలైపోతుంది. అంటే అర్ధరాత్రి. డిసెంబర్లో ఐదున్నరకే చీకటి, మొబ్బుగా ఉంటే ఐదుకే. చీకట్లో వానలో చిన్నపిల్లల్తో కిలోమీటరున్నర నడిపించలేం. కాబట్టి మనకున్న టైము రేపు మధ్యాహ్నం దాకా కాదు, ఇవాళ సాయంత్రం ఐదు దాకా. లెక్క వేసేసరికి రెండున్నర అయింది.

తుఫాను నెమ్మదిగా వస్తుంటే జనం దాన్ని టైమున్నట్టు అనుకుంటారు. తీరం దాటే గంటకి టైముంటుంది, గాలికి ఉండదు. పైగా నెమ్మదిగా వచ్చేది ఎక్కువ గంటలు బాదుతుంది.

సరే లెక్క కుదిరింది, కాలవ వరస ఒప్పుకుంది, అయినా మగాళ్లు కదల్లేదు. మగాళ్లు కదలకపోతే ఆడవాళ్లు కదలరు. అప్పుడు ఒకావిడ, నలభై ఏళ్లుంటాయి, చేపల వ్యాపారం చేసుకుంటుంది, కసిరినట్టు అంది: "మా ప్రాణాలు షెల్టర్లో పెట్టి ఏం చేసుకోవాలయ్యా, బోటు పోతే అప్పోడు షెల్టర్‌కే వస్తాడు."

మొదట్లో గుర్తుపెట్టుకోమన్న వాక్యం అదే. మేం రెండు రోజులుగా ప్రాణాలు ముందు, ఆస్తులు తర్వాత అని ఊదరగొడుతున్నాం, చదువుకున్నవాడికి అది న్యాయంగానే వినిపిస్తుంది. కానీ బోట్లు ఒడ్డు మీద ఉన్నంతసేపు ఆ మగవాళ్లు దాని పక్కనే ఉంటారు, రాత్రి అల ఎక్కితే తాళ్లు పట్టుకుని లాగడానికి దిగుతారు. అంటే ప్రాణాలు కాపాడాలంటే ముందు బోట్లు తీయాలి. క్రమం తిప్పేశాం.

ట్రాక్టర్

బోటుని మామూలుగా ఇరవై మంది కలిసి దుంగల మీద దొర్లించుకుంటూ ఇసక దిబ్బ ఎక్కిస్తారు. నలభై బోట్లు రెండున్నర గంటల్లో మనుషుల వల్ల కాదు, ట్రాక్టర్లు కావాలి. ట్రాక్టర్ ఎవడిస్తాడు? అదే రోజు వెనక ఊళ్లలో రైతులందరిదీ ఒకటే పరుగు, కోసిన వరి పనల మీద ఉంది, నూర్చిన వడ్లు కల్లాల్లో ఉన్నాయి, తడిస్తే మొలకలొస్తాయి, తేమ ఎక్కువని కొనరు, ఉన్న ప్రతి ట్రాక్టరూ బస్తాలు మోస్తోంది. డీజిల్ డబ్బులిస్తామన్నాం, డబ్బులు మాకెందుకు, మనుషులు లేక చస్తున్నాం అన్నాడు ఒక రైతు.

మనుషులు లేరా. మా దగ్గర ఉన్నదే మనుషులు.

పదిహేను మంది కుర్రాళ్లని మోటారు సైకిళ్ల మీద పంపించాం. గంటలోపు ఆయన బస్తాలన్నీ మిల్లు షెడ్డులో పడ్డాయి, మిగిలిన రాశి మీద బరకాలు కప్పి అంచులకి మట్టి తోశారు. బదులుగా రెండు ట్రాక్టర్లు, డ్రైవర్లతో సహా, నాలుగింటికల్లా ఒడ్డుకి వచ్చాయి. మూడోది ఆయన బావమరిదిది, అడక్కుండానే వచ్చింది. ఇందులో మా తెలివి ఏం లేదు, ఆ రైతు విసుగ్గా అన్న మాటని మా కుర్రాడొకడు బేరంగా మార్చాడు, అంతే.

బోట్లు ఎక్కడ పెట్టాలన్న దాని మీద అయిదు నిమిషాల గొడవ. సరుగుడు తోటలో గాలికి చాటుగా ఉంటుందని అందరి మాట. పెద్దాయన వద్దన్నాడు, ఇసక నేలలో సరుగుడు వేళ్లతో సహా వాలిపోద్ది, బోటు మీదే పడిద్ది అని. స్కూలు గ్రౌండ్‌లో వరసగా పెట్టించాం, ఇంజిన్లు ఊడదీసి రోడ్డు వరస డాబాల్లోకి, వలలు స్కూలు గదుల్లోకి. ఖాళీ ఫైబర్ బోటుని గాలి అట్టముక్కలాగా ఎత్తేస్తుంది, అందుకని అడుగున తడి ఇసక బస్తాలు వేసి ఒకదానికొకటి మోకులతో కట్టారు. ట్రాక్టరు వెనక్కి ఇసకలో దిగబడుతుంటే ఆడవాళ్లు తాటాకులు తెచ్చి చక్రాల కింద పరిచారు. ఆరున్నరకి చీకట్లో ట్రాక్టర్ లైట్ల వెలుతుర్లో ఆఖరి బోటు వెళ్లింది. ఒకటి మిగిలింది, దాని ఓనరు వేరే ఊళ్లో ఉన్నాడు, ఫోన్ ఎత్తలేదు, ఆయన అనుమతి లేకుండా ముట్టుకోవడానికి ఎవరూ ఒప్పుకోలేదు.

అవే ట్రాక్టర్ల ట్రక్కుల్లో ఏడింటి నుంచి కాలవ వరస జనం షెల్టర్‌కి వెళ్లారు, ఎవరికీ చెప్పాల్సిన పని రాలేదు. కోళ్లు గంపల్లో, మేకలు ట్రక్కులో. మేకల్ని ఎక్కించొద్దని షెల్టర్ దగ్గర ఒకాయన అన్నాడు, లెహర్ మేకల కథ ఆయనకి తెలియదు పాపం. కింద అంతస్తు ఖాళీ స్తంభాల మధ్య కట్టించాం.

రాత్రి, గుడ్డపీలిక

తొమ్మిది దాటాక సిగ్నల్ వస్తూ పోతూ ఉంది, బులెటిన్లు ఆలస్యంగా అందుతున్నాయి. షెల్టర్ మేడ మీద పైపుకి ఒక ఎర్ర గుడ్డపీలిక కట్టాం. ఇది పాత విద్య, ఏ ఇంటర్నెట్టూ అక్కర్లేదు. మన వైపు తుఫానులో గాలి గడియారం ముల్లుకి ఎదురు తిరుగుతూ లోపలికి లాగుతుంది. గాలికి వీపు పెట్టి నిలబడితే కేంద్రం మన ఎడమ చేతి వైపు, కాస్త ముందుకి ఉంటుంది. ఈశాన్యం గాలి మెల్లగా ఉత్తరానికి, వాయవ్యానికి తిరిగితే తుఫాను మనకి తూర్పుగా వెళ్తోందన్నమాట, మనం దానికి ఎడమ పక్క, గాలి నీళ్లని సముద్రంలోకి తోస్తుంది. తూర్పుకి, ఆగ్నేయానికి తిరిగితే మనకి పడమరగా దాటుతోంది, మనం కుడి పక్క, సముద్రం మన మీదకి వస్తుంది. దిక్కు మారకుండా బలం మాత్రమే పెరుగుతుంటే సూటిగా మన మీదకే.

రాత్రంతా ఈశాన్యమే. రెండింటికి ఈశాన్యం, నాలుగింటికి ఈశాన్యం, ప్రతిసారీ గుడ్డ చప్పుడు మాత్రం పెరుగుతోంది. ఆరింటికి పీలిక చివర చిరిగి సగమైంది. ఎనిమిది దాటాక అది తూర్పుకి జరగడం మొదలైంది.

అప్పుడు మధ్య వరస గుర్తొచ్చింది. రాత్రి వాళ్లని వదిలేశాం, మెరకలో ఉన్నారు, చీకటి పడింది, జనం అలిసిపోయారు అని మాకు మేం సర్దిచెప్పుకున్నాం. ఇప్పుడు మనం కుడి పక్కే అని తేలాక ఆ ధైర్యం పోయింది. ఈదురుగాలిలో ట్రాక్టరు వేసుకుని రెండు ట్రిప్పుల్లో ఇరవై ఇళ్ల వాళ్లని రోడ్డు వరస డాబాల్లోకి మార్చాం, షెల్టర్ దాకా తీసుకెళ్లే సాహసం చేయలేదు. దారిలో ఒక సరుగుడు చెట్టు ట్రక్కు దాటిన కాసేపటికి రోడ్డుకి అడ్డంగా పడింది. ఆ రెండు ట్రిప్పులు చేయాల్సి రావడం మా తప్పే. ముందురోజు సాయంత్రం ట్రాక్టర్లు, డ్రైవర్లు చేతిలో ఉన్నప్పుడు ఇంకో అరగంట ఓపిక పట్టి వాళ్లని కూడా తీసేయాల్సింది. ఎవరికీ ఏం కాలేదు కాబట్టి సరైన నిర్ణయం అనుకుంటే ఈసారి ఆ చెట్టు కింద ఉంటాం.

దాటింది

మధ్యాహ్నం పన్నెండున్నర, రెండున్నర మధ్య బాపట్లకి దక్షిణంగా తీరం దాటింది, గాలి 90 నుంచి 100 కిలోమీటర్లు, మధ్యమధ్య 110. మా పల్లె కుడి పక్కన. ఉప్పెన ఇసక దిబ్బ దాటలేదు. నీళ్లు మొగలోంచే వచ్చాయి, పెద్దాయన చెప్పినట్టే, కానీ సుద్ద గీతల దాకా రాలేదు, గీతకి మూరెడు కింద ఆగాయి. కాలవ వరసలో మోకాలి లోతు, అందులో సగానికి పైగా పొలాల నుంచి దిగిన వాన నీళ్లే. తాటాకు ఇళ్లు కొన్ని పైకప్పులు పోయాయి. సరుగుడు తోట దువ్వినట్టు పడమరకి వాలిపోయింది. ఒడ్డున మిగిలిన ఆ ఒక్క బోటు రెండు ముక్కలైంది.

సాయంత్రం నాలుగింటికి వాన తగ్గగానే కొందరు ఇళ్లకి బయల్దేరారు. దీని గురించి మేం ఏమీ ఆలోచించి పెట్టుకోలేదు. వెళ్లే దారి మీద పెట్టిన శ్రద్ధలో పదో వంతు కూడా వచ్చే దారి మీద పెట్టలేదు. కరెంటు తీగలు నీళ్లలో పడి ఉన్నాయి, సరఫరా ఉందో లేదో ఎవరికీ తెలీదు. ఇద్దరు కుర్రాళ్లని దారికడ్డంగా నిలబెట్టి, లైన్‌మన్ ఫోన్ దొరికేదాకా గంటన్నర జనాన్ని తిట్లు తింటూ ఆపాం. కాలవ వరస చేతి పంపుల్లో ఉప్పు నీళ్లు ఎక్కాయి, తాగే నీళ్లకి వారం పైగా ట్యాంకరే. కూలికి వెళ్లే ఆడవాళ్లకి ఆ సీజన్ కోతలు పోయాయి, వెనక పొలాల్లో పనలు నీళ్లల్లో తేలుతున్నాయి. బోట్లు కాపాడుకున్న సంతోషంలో ఆ నష్టం మా రిపోర్టులో ఒక్క లైను కూడా లేదు, తర్వాత చూసుకుని సిగ్గుపడ్డాం.

ఇంకో విషయం, దీనికి జవాబు నా దగ్గర లేదు. నష్టం రాసుకోవడానికి వచ్చినప్పుడు విరిగిన బోటు ఫొటో తీసుకున్నారు. స్కూలు గ్రౌండ్‌లో ఉన్న బోట్ల దగ్గరికి రాలేదు, వాటికేం కాలేదుగా. వాటిని అక్కడికి చేర్చడానికి పెట్టిన డీజిలు, మోకులు, ఒక రోజు కష్టం ఏ కాలమ్‌లోనూ పట్టవు. "ఈసారి ఒడ్డునే వదిలేస్తా" అని ఒకతను అన్నాడు, నవ్వుతూనే అన్నాడు, కానీ మళ్లీ ఇంకో తుఫాను వచ్చినప్పుడు ఈ మాట ఎవరి మనసులోనో ఉంటుంది, లెహర్ మేకల్లాగే.

ఇప్పుడు మా పనిలో కొన్ని మారాయి. గ్రూపులో ట్రాక్ మ్యాప్ పెట్టడం మానేశాం, దాని బదులు ఒక్క వాయిస్ మెసేజ్, మన ఒడ్డున గాలి ఎన్ని గంటలకి మొదలు, ఎటు నుంచి, ఆ గంటకి పోటా ఆటా, ఇంతే. మ్యాప్ అడిగినవాళ్లకి విడిగా పంపిస్తాం. సుద్ద గీతలు వానకి పోయాయి, కరెంటు స్తంభాల మీద పెయింటుతో మళ్లీ వేశాం, పెద్దాయనే చూపించాడు ఎక్కడ వేయాలో. నీళ్లు మూరెడు కిందే ఆగాయి కదా, గీత దించుదామా అని అడిగితే, "మొన్న అష్టమి. అమాస నాడు వస్తే?" అని అక్కడే ఉంచమన్నాడు.

ట్రాక్టర్ల రైతు ఫోన్ నంబరు మా ఫైల్లో మొదటి పేజీలో ఉంది, కలెక్టరేట్ కంట్రోల్ రూమ్ నంబరుకి పైన. దాని పక్కన మా కుర్రాడి చేతిరాతలో ఉంది: కోతల రోజులైతే ముందు మనుషుల్ని పంపి, తర్వాత ఫోన్ చేయాలి.